చిన్నకోడలి బాయిలర్

బయట సన్నగా వాన. మధ్యాహ్నం మూడు దాటినా వంటగదిలో లైటు వేసుకోవాల్సినంత మబ్బు. గోడమీద తెల్లటి గ్యాస్ బాయిలర్ మెల్లగా మూలుగుతూ కింది గదులన్నిటినీ వెచ్చబెడుతోంది. పెద్దకోడలు కుర్చీని సరిగ్గా దాని కిందకి లాక్కుని బఠాణీలు ఒలుస్తోంది.

ఆ బాయిలర్ ఆమెది కాదు. తోడికోడలిది.

కింద పెద్దాడి కాపురం, పైన చిన్నాడి కాపురం. మెట్లు బయటినుంచే. ఒక్క ఏడాది తేడాతో ఆ ఇంట అడుగుపెట్టిన ఇద్దరిలో చిన్నకోడలికే అన్నీ కలిసొచ్చాయని పెద్దకోడలి ఏడుపు. ఎండ పైవాళ్ళకే. గాలి పైవాళ్ళకే. తన మొగుడు నవ్వడమే గగనమైతే, పైన మరిది పాటలు పాడుతూ గిన్నెలు తోమేవాడు. ఆపైన పెళ్ళానికి చలి వేస్తోందని నీళ్ళూ గదులూ వెచ్చబెట్టే ఈ బాయిలర్ కొన్నాడు. అదీ ఓర్చుకుంది. కానీ తన కూతురు చిట్టి, పదేళ్ళ పిల్ల, స్కూలు సంచీ కింద గిరాటేసి "పిన్నీ!" అంటూ మెట్లెక్కి పరిగెడుతుంటే మాత్రం కడుపులో ఎవరో నిప్పులు పోసినట్టుండేది.

"కన్నది నేను. జ్వరాలకి జాగారం చేసింది నేను. అది మాత్రం పైనుంచి దిగదు," అనేది మొగుడితో.

"నువ్వూ పైకెళ్ళి కూర్చోరాదూ, నాకిక్కడ కాస్త ప్రశాంతంగా ఉంటుంది," అనేవాడాయన.

మూడు నెలల కిందట చిన్నకోడలు స్నానాల గదిలో చచ్చిపోయింది. తలుపు పగలగొట్టేసరికి వేడినీళ్ళు ఇంకా ధారగా పడుతూనే ఉన్నాయి. బుగ్గలు ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది. డాక్టరు గుండె ఆగిందన్నాడు. పెద్దకోడలు అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే, పోయాక కూడా దీని రంగు చూడు, అనుకుంది.

మరిది పైవాటాకి తాళం వేసి, చెవి వదిన చేతికిచ్చి, బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఆమె కుళాయిలు బాగుచేసే మనిషిని పిలిపించి బాయిలర్‌ని కిందికి దింపించింది.

"నేను కుళాయిల వాణ్ణమ్మా. దీన్ని బాయిలర్ మెకానిక్‌కి చూపించాలి. లోపల మసి పట్టినట్టుంది," అన్నాడతను.

"మసే కదా, మా వంటింటికి కొత్తా? నువ్వు బిగించు."

బిగించాడు. పొగగొట్టం పొట్టిదై గోడ అవతలికి పూర్తిగా చేరలేదు. పైవాటాకి వెళ్ళే వేడినీళ్ళ గొట్టానికి కూడా దీన్నే కలిపి పోయాడు. ఆ సాయంత్రం ఆమె గోడమీది గవాక్షంలోంచి చలిగాలి వస్తోందని పాత దుప్పటి ఉండచుట్టి అందులో కుక్కింది. వెచ్చదనం బయటికి పోతే ఎవడి సొమ్ము?

అప్పట్నుంచీ తలనొప్పి. పొద్దున్నే కడుపులో తిప్పడం. సందులోకి వెళ్ళి నిలబడితే తగ్గేది, లోపలికి రాగానే మళ్ళీ మొదలు. ఇవాళ చిట్టి కూడా తలనొప్పని స్కూలు మానేసి వంటగది పక్కగదిలో పడుకుంది. మొగుడు పనిమీద ఊరెళ్ళాడు.

భగ్గుమని శబ్దం.

బాయిలర్‌లో పెద్దమంట లేచింది. ఆమె తలెత్తి చూసింది. ఎక్కడో వేడినీళ్ళ కుళాయి తిప్పితేనే అలా లేస్తుంది. కింద కుళాయిలన్నీ కట్టేసే ఉన్నాయి.

నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా ఊగుతోంది. గోడలోని గొట్టంలో నీళ్ళు జుయ్యిమంటూ పైకి పోతున్నాయి.

పైన తాళం. తాళంచెవి తన కొంగుకే ఉంది.

నెత్తిమీద అడుగుల చప్పుడు. తడి పాదాలు నేలమీద పడ్డట్టు... మెత్తగా. మూడడుగులు. ఆగింది. మళ్ళీ మూడు.

"వచ్చావా," అంది పెద్దకోడలు పైకప్పు వంక చూస్తూ. "నాకు తెలుసు వస్తావని. నీ బాయిలర్ నేను తీసుకుంటే చూడలేకపోయావు కదూ!"

గదిలో ఏ వాసనా లేదు. అదే వింతగా ఉంది. ఒలిచిన బఠాణీల పచ్చివాసన కూడా లేదు. కణతలు సుత్తితో కొట్టినట్టు అదురుతున్నాయి. కిటికీ అద్దానికి పట్టిన ఆవిరి వెనక ఒక మొహం. ఎర్రటి బుగ్గలు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అక్కా... కిటికీ తియ్యి."

"తీస్తే లోపలికొద్దామనా?"

"తియ్యక్కా... తొందరగా..."

పెద్దకోడలు లేచింది. గోడ పట్టుకుని వెళ్ళి కిటికీ గడియ ఇంకా బిగించింది. రెక్కల మధ్య సందులో చేతిగుడ్డ కుక్కింది.

గొంతు ఇప్పుడు లోపలినుంచి వినిపించింది. చెవి పక్కనుంచి.

"పోనీ... చిట్టిని బయటికి పంపు."

ఆ మాటతో ఒళ్ళంతా మండింది. భయం ఎటు పోయిందో పోయింది.

"బతికినన్నాళ్ళూ దాన్ని నాకు దక్కనిచ్చావు కాదు. చచ్చాక కూడానా? దాన్ని నీకివ్వను. ఇవ్వనంటే ఇవ్వను!"

పక్కగది తలుపు లాగి గొళ్ళెం పెట్టింది. తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. లోపల చిట్టి ఏదో అంది. "అమ్మా" అన్నట్టుంది. "పిన్నీ" అన్నట్టూ ఉంది. లేవాలనుకుంది. వేలు కూడా కదల్లేదు...

పసుపు మంట... మూలుగు... తర్వాత అదీ లేదు.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి. మొహానికి ఆక్సిజన్ మాస్కు. కిటికీలోంచి పొద్దుటి ఎండ. మంచం పక్కన, చేతిలో టోపీ నలుపుతూ బాయిలర్ మెకానిక్ నిలబడి ఉన్నాడు. ఏటా ఈ నెలలో బాయిలర్లు శుభ్రం చేయడానికి వచ్చే మనిషే.

"పాప బాగుందమ్మా. పైన పిల్లల వార్డులో ఉంది. కిటికీ అద్దంలోంచి మసగ్గా మీరు పడి ఉండటం కనిపించింది, పగలగొట్టుకుని వచ్చాను. గవాక్షంలో దుప్పటి కుక్కిందెవరమ్మా? గొట్టం నిండా మసి, పొగంతా ఇంట్లోకే. కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. పోయినవాళ్ళ బుగ్గలు మాత్రం ఎర్రగా ఉంటాయి."

"నాకు... మాటలు వినిపించాయి."

"వినిపిస్తాయి. ఒకాయన చచ్చిపోయిన మామగారితో గంటసేపు పోట్లాడాడు. అదంతా ఆ గ్యాసు చేసే పనే."

ఆమె గుండెలనిండా గాలి పీల్చుకుంది. గ్యాసు! అంతే. తోడికోడలూ లేదు, తోటకూరా లేదు.

మెకానిక్ మాత్రం కదల్లేదు. "ఒక్కమాటమ్మా. పోయినేడాది కూడా వచ్చాను. మీరే తలుపు తీశారు. పైవాళ్ళు ఊళ్ళో లేరన్నారు. ఆ రోజు గనక మసి తీసుంటే..." మిగతాది మింగేసి వెళ్ళిపోయాడు.

ఆమెకి గుర్తుంది. ఆ రోజు పైన పిన్నీ చిట్టీ పకపకా నవ్వుతున్నారు. ఆ నవ్వు వింటూనే ఆమె, "ఊళ్ళో లేరు," అంది. పెద్ద కారణమేమీ లేదు. బాయిలర్ మొరాయించి నాలుగు రోజులు చన్నీళ్ళు పోసుకుంటే దానికి తెలిసొస్తుందని. అంతే. అంతకంటే ఏం కోరలేదు.

మాస్కు పీకేసి లేచింది. చిట్టిని చూడాలి. ఇప్పుడే చూడాలి. గోడ పట్టుకుంటూ మెట్లెక్కింది. పిల్లల వార్డు తలుపు దగ్గర నర్సు ఆపింది.

"ఎవరు కావాలండీ?"

"నా కూతురు. గ్యాసు పట్టి తీసుకొచ్చారు నిన్న. పదేళ్ళు. చిట్టి అంటాం."

నర్సు ఆమెను ఎగాదిగా చూసింది. "మరి... వాళ్ళమ్మ రాత్రంతా ఇక్కడే ఉందిగా?"

"నేనే వాళ్ళమ్మని."

"అయ్యో, ఆవిడే దగ్గర కూర్చుని కథలు చెప్పింది. పాప కూడా మెడ పట్టుకుని వదల్లేదు. కాస్త గాలికి తిప్పుకొస్తానని ఇప్పుడే ఎత్తుకుని వెళ్ళింది. పాపం, వానలో తడిసొచ్చిందేమో, జుట్టు ఆరనేలేదు. తువ్వాలు ఇస్తానంటే వద్దంది. కింద అక్కని లేపొద్దని కూడా చెప్పింది."

పెద్దకోడలు నర్సుని తోసుకుని లోపలికి వెళ్ళింది. మూలమంచం ఖాళీ. అక్కణ్ణుంచి తలుపు దాకా, తలుపులోంచి వరండా చివరిదాకా, నున్నటి నేలమీద తడి పాదాలు. ఒక్క జతే.

ఆమె వంగి వేలితో తాకింది.

నీళ్ళింకా వేడిగా ఉన్నాయి.