పక్క సీటు పెడలు

ఆదివారం పొద్దున్నే టీచరు టీ కాచి రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి వంటగట్టు మీద తన కోసం ఉంచుకుంది. రెండోది కిటికీ గట్టు మీద పెట్టి, గ్లాసు అంచును చెంచాతో ఒకసారి తట్టింది. ఆ చప్పుడు వినగానే మేస్త్రి పెరట్లోంచి వస్తాడు, కిటికీ అవతలి నుంచే గ్లాసు అందుకుని వెళ్ళిపోతాడు. కూతురు ఇల్లు వదిలి వెళ్ళినప్పటి నుంచి ఆ మొగుడూ పెళ్ళాల పొద్దుటి పలకరింపు అంతే.

మాటలు బొత్తిగా లేవని కాదు. ఉన్నాయి. కాకపోతే అవి ఎవరికీ చెప్పినట్టు ఉండవు. "గ్యాసు అయిపోయేలా ఉంది" అని ఆమె పొయ్యితో అంటుంది. "సాయంత్రం ఆలస్యమవుతుంది" అని ఆయన చెప్పులతో అంటాడు. పై వాటాలో ఉండే అక్కగారు ఒకసారి ఇది గమనించి, "మీ ఇంట్లో సామాన్లకున్న అదృష్టం మనుషులకు లేదే" అంది. టీచరు నవ్వింది. ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయాక, ఆ నవ్వు ఇంకా మూతి మీద ఉండగానే కళ్ళు నిండాయి.

ఆ వేళ గ్లాసు కిటికీ దగ్గరే ఉండిపోయింది. టీ మీద తొరక కట్టింది. టీచరు మళ్ళీ ఒకసారి చెంచాతో తట్టి, ఎవరూ రాకపోయేసరికి పెరట్లోకి వెళ్ళింది.

రేకుల షెడ్డు కింద కారు బోనెట్ ఊడదీసి గోడకు చేరవేసి ఉంది. బ్యాటరీ, రేడియేటరు, రబ్బరు పైపులు నేల మీద వరసగా పరిచి ఉన్నాయి. పైన ఇనుప దూలానికి, తన మెకానిక్ షాపు నుంచి తెచ్చిన బరువులెత్తే చైన్ పుల్లీ వేలాడుతోంది. మేస్త్రి నడుము దాకా కారు ముందు భాగంలోకి వంగి ఏదో బోల్టుతో కుస్తీ పడుతున్నాడు.

అది వాళ్ళ బుడ్డకారు. పేరుకే కారు గాని పొట్టిగా, చవగ్గా, నలుగురు కూర్చుంటే అయిదోవాడు ఊపిరి బయటే వదిలిపెట్టి రావాల్సిన బండి. పెళ్ళైన కొత్తలో ఎవరో పాతసామాన్లకు ఇచ్చేస్తుంటే మేస్త్రి తెచ్చి బాగుచేశాడు. ఆమె డ్రైవింగు నేర్పిస్తానంటే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు తన చేత్తో తయారుచేసి బిగించాడు. ఆ సీట్లో కూర్చుని ఆమె ఎంతమందికి నేర్పిందో లెక్క లేదు. మాటకు ముందు "బ్రేకు", మాటకు తర్వాత "బ్రేకు" అనేది కాబట్టి ఊళ్ళో బ్రేకు టీచరు అని పేరు పడిపోయింది. తర్వాత్తర్వాత అందరికీ గేర్లు లేని కొత్త బళ్ళు కావలసి వచ్చాయి. డ్రైవింగు స్కూలు బోర్డు దించేశారు. బుడ్డకారు షెడ్డు కిందికి చేరింది.

ఆమె నేర్పిన ఆఖరి మనిషి సొంత కూతురు. అమ్మడు డిగ్రీ చదివింది, చల్లటి గదిలో కూర్చునే ఉద్యోగం తెచ్చుకుంది. ఒక రోజు అది మానేసి బస్సు డ్రైవరుగా చేరుతున్నానంది. మేస్త్రి తన రెండు చేతులూ కూతురి ముందు చాచి, "ఈ గోళ్ళలో నలుపు చూడు. ఇంట్లో ఒక్కళ్ళ గోళ్ళయినా తెల్లగా ఉండాలని చదివించాను. బస్సు తోలుకునే కూతురు నాకు అక్కర్లేదు" అన్నాడు. అమ్మడు ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. పెద్ద బండి లైసెన్సు పరీక్షకు తల్లి వెంట ఉండి తీసుకెళ్ళిందని ఆయనకు ఆ తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఆయన మాటలు చెప్పులకు పరిమితమైపోయాయి.

నిన్న రాత్రి అమ్మడు ఫోను చేసింది. "అమ్మా, బుడ్డకారు ఊరికే పడి ఉందిగా. నేను తెచ్చుకోనా? తెల్లారకముందే డిపోకి వెళ్ళాలి, ఆ వేళకి ఏ బండీ దొరకదు." టీచరు గోడ గడియారం వైపు తిరిగి, ఆ సంగతి గట్టిగా చెప్పింది. మేస్త్రి అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఇప్పుడు ఇదీ జవాబు.

"ఏం చేస్తున్నారు?" చాలా రోజుల తర్వాత ఆమె నేరుగా ఆయన్నే అడిగింది.

"కనబడటం లేదా?" అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా.

"కనబడుతోంది కాబట్టే అడుగుతున్నాను. అమ్మడు అడిగిన కారు ఇది."

"ఇంజనూ గేరుబాక్సూ ఇంకో బండికి కావాలి. ఒకతను షాపుకొచ్చి అడిగాడు."

"ఎప్పుడొచ్చాడు? నిన్న ఫోను రాకముందా, వచ్చాకా?"

పానా జారి నేల మీద పడింది. ఆయన వంగి దాన్ని తీసుకుని, మళ్ళీ అదే బోల్టు మీద పెట్టాడు.

టీచరు లోపలికి వచ్చేసింది. ఎవరితో పోట్లాడాలి? పోట్లాడాలన్నా అవతల ఒక మనిషి ఉండాలి కదా. వంట చేస్తున్నంతసేపూ ఆమె చెవులు పెరట్లోనే ఉన్నాయి. గేరు నూనె డబ్బాలోకి కారుతున్న చప్పుడు, సైలెన్సరు పైపు ఊడి నేలకు తగిలిన చప్పుడు, చక్రాల వైపు వెళ్ళే ఇరుసుల్ని సుత్తితో తడుతున్న చప్పుడు. బండిలో ఏది ఎక్కడ ఉంటుందో ఆమెకు తెలుసు. ఏది పోతోందో చూడకుండానే తెలుస్తోంది. అమ్మడి గది తలుపు తెరిచి, లోపల ఏమీ పని లేక, మళ్ళీ దగ్గరికి వేసింది.

మధ్యాహ్నానికి మేస్త్రి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక చెయ్యి కావాలి."

"ఎవరికి?"

"గొలుసు లాగడానికి. ఒకళ్ళు లాగుతుంటే ఇంకొకళ్ళు ఇంజను రేకుకు తగలకుండా చూసుకోవాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు."

"మీ షాపు వాళ్ళని పిలవండి."

"ఆదివారం. ఎవరొస్తారు?"

"నా కారు పీక పిసుకుతూ, కాళ్ళు నన్నే పట్టుకోమంటున్నారు. బాగుంది మీ వరస."

"ఇష్టమైతే రా. లేకపోతే నేనే ఎలాగో దింపుకుంటాను" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఎలాగో అంటే ఎలాగో ఆమెకు తెలుసు. ఒక చేత్తో గొలుసు లాగుతూ, రెండో చెయ్యి ఇంజను కింద పెడతాడు. ఆ బరువు జారితే ఆ చెయ్యి ఇక చెయ్యి కాదు. ఎంత కోపమున్నా ఆ చప్పుడు కూడా వంటింట్లో కూర్చుని వినడం ఆమె వల్ల కాదు. తిట్టుకుంటూ స్టవ్వు కట్టేసింది.

ఇంజనూ గేరుబాక్సూ ఒకే ముద్దలా, నూనె మరకలతో, గొలుసు కొక్కేనికి తగిలించి ఉన్నాయి. టీచరు గొలుసు అందుకుంది.

"ఎత్తు" అన్నాడు మేస్త్రి.

ఆమె లాగింది. గొలుసు టకటకమంది.

"ఆపు." ఆయన పక్కకు నెట్టి చూశాడు. "ఎత్తు. నెమ్మదిగా. ఆపు. ఆ, ఎత్తు."

ఇన్ని నెలల్లో ఆయన ఆమెతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. ఆ రెండు మాటలే అటూ ఇటూ అయినా, అవి తనకే చెబుతున్నాడు, చెప్పులకు కాదు. ఆ మాత్రానికే సంబరపడుతున్నందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

ఇంజను జానెడు లేచింది. అక్కడ ఆగిపోయింది. గొలుసు బిగుసుకుంది. ఇంకొంచెం లాగితే ఇంజనుతో పాటు కారు మూతి కూడా పైకి లేవడం మొదలుపెట్టింది.

"ఎత్తు" అన్నాడు మేస్త్రి. ఆయన ఎడమ చెయ్యి గేరుబాక్సుకూ కారు పక్క రేకుకూ మధ్యలో ఉంది.

"ఎక్కడో పట్టుకుంది."

"ఏం పట్టుకోలేదు. అన్నీ విప్పాను. లాగమంటే లాగవేం?"

"ముందు చెయ్యి తియ్యండి."

"ఎత్తమంటుంటే..."

"చెయ్యి తియ్యండి." ఆ గొంతు పెళ్ళానిది కాదు, టీచరుది. ఎదురుగా లారీ వస్తుంటే స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయిన వాళ్ళకు చెప్పే గొంతు. మేస్త్రి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆమె గొలుసు కొంచెం వదలగానే గేరుబాక్సు అడ్డంగా ఊగి, చెయ్యి ఉన్నచోట రేకును గుద్దుకుని ఆగింది.

ఆ రేకుకు పడిన సొట్టను మేస్త్రి వేలితో తడిమాడు. తర్వాత ఆయన తనలో తానే అప్పజెప్పుకోవడం మొదలుపెట్టాడు. "మౌంటింగులు విప్పాను. వైర్లన్నీ తీశాను. పెట్రోలు పైపు తీశాను. యాక్సిలేటరు కేబులు, క్లచ్చు కేబులు, గేరు రాడ్డు..."

టీచరు కారు పక్కకు వెళ్ళి అద్దంలోంచి లోపలికి చూసింది. ఎవరూ కూర్చోని పక్క సీటు ముందు, క్లచ్చు పెడలు తనంతట తానే పైకి లేచి బిగుసుకుని ఉంది. ముందు నుంచి ఇంజను కేబులుతో దాన్ని లాగుతోంది.

"నా కేబులు విప్పలేదు" అంది.

మేస్త్రి మొహం చూసి ఆమెకు జాలి వెయ్యలేదు. ఊళ్ళో ఏ బండినైనా కళ్ళు మూసుకుని విప్పగలడని పేరున్న మనిషి. ఎవరో తెచ్చిన బండి కాదు, ఎవరో బిగించిన కేబులు కాదు.

"మీ చేత్తో బిగించారండీ అది. నా కోసం. అందులో ఒక మనిషి కూర్చునేదని కూడా గుర్తు లేదా?"

"మర్చిపోయాను."

"అన్నీ గుర్తున్నాయి, అదొక్కటే మర్చిపోయారు. ఈ ఇంట్లో నేనున్నానన్న సంగతి కూడా అలాగే మర్చిపోయారు. కూతురి మీద కోపమైతే కూతురి మీద చూపించండి. నేనేం చేశాను?"

"నువ్వేం చేశావా? దాన్ని పరీక్షకు తీసుకెళ్ళింది ఎవరు? ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు. పక్కనే పడుకుని ఒక్క మాట చెప్పలేదు నువ్వు."

"చెబితే వద్దంటారని చెప్పలేదు."

"వద్దనేవాణ్ణే."

"మరింకేం?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "చెప్పకపోవడం నా తప్పే. ఆ రోజు నుంచి చెబుదామనే చూస్తున్నాను. మీరు వినే చోట ఉంటే కదా" అంది. "ఇప్పుడు మీరు చెప్పండి. ఇంజను అడిగినతను ఉన్నాడా?"

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన కొద్దీ నలుపు ఇంకా పాకింది.

"లేడు" అన్నాడు. "దానికి దక్కకూడదనే విప్పాను."

కప్పిపుచ్చుతాడనుకుంది. ఇంకేదో అబద్ధం చెబుతాడనుకుంది. ఇలా ఒప్పుకుంటాడనుకోలేదు. ఆ బరువు ఇద్దరి మధ్య గాలిలో వేలాడుతూనే ఉంది. పోట్లాట మధ్యలో వదిలి ఎవరూ లోపలికి వెళ్ళలేని పని అది.

చివరికి మేస్త్రే కదిలాడు. తలుపు తెరిచి పక్క సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికి వెళ్ళినా స్టీరింగు ఆయనదే కాబట్టి, ఆయన ఆ సీట్లో కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. మోకాళ్ళు ముడుచుకుని, ముందుకు వంగి, పెడలు దగ్గర కేబులు పిన్ను లాగేశాడు. కేబులు సర్రున బయటికి జారిపోయింది. పని అయిపోయినా ఆయన దిగలేదు. ముందు అద్దంలోంచి ఖాళీ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇక్కడి నుంచి చేతిలో ఏమీ ఉండదు" అన్నాడు.

"ఉండదు. కాళ్ళ దగ్గర ఆ రెండే."

"భయం వేసేది కాదా?"

"రోజూ వేసేది. కాలు పెడలు మీద పెట్టుకుని కూర్చోవాలి, తొక్కెయ్యకూడదు. అదే కష్టం. ప్రతిదానికీ తొక్కేస్తుంటే నేర్చుకునే వాళ్ళు బండి ఆపేసి దిగిపోతారు."

మేస్త్రి తన కాలు ఆ బ్రేకు మీద పెట్టి, తీసేశాడు.

"అమ్మడు దిగిపోయింది" అన్నాడు చివరికి.

టీచరు తలుపు పట్టుకుని నిలబడింది.  "రండి, ముందు దాన్ని దింపుదాం" అంది.

ఎత్తు, ఆపు, ఎత్తు. ఈసారి ఎక్కడా పట్టుకోకుండా ఇంజను బయటికి వచ్చింది. కారును వెనక్కు నెట్టి, దాన్ని మెల్లగా పాత టైర్ల మీదికి దించారు. ముందంతా ఖాళీ అయిన బుడ్డకారు పళ్ళూడిన ముసలమ్మలా నోరు తెరుచుకుని ఉంది. ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చున్నారు. ఎండ గోడ మీదికి ఎక్కింది. టీచరు ఆయన్ను అడగకుండానే ఫోనులో కూతురి నంబరు నొక్కి, మాట బయటికి వినబడేలా పెట్టి, ఇద్దరి మధ్యా మెట్టు మీద ఉంచింది.

"అమ్మా, చెప్పు."

"నేను" అన్నాడు మేస్త్రి.

అవతల ఏవో బస్సుల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేకలు. 

"కారు ఇంజను దింపేశాను. కోపంతో చేశాను. మళ్ళీ బిగిస్తాను, కొంచెం టైము పడుతుంది."

"సరే నాన్నా."

  క్షమించమనే మాట మేస్త్రి నోటికి అలవాటు లేదు, వెతికినా దొరకదు. టీచరు ఫోను వైపు చెయ్యి చాచబోయింది.

"మీ బస్సు క్లచ్చు గట్టిగా ఉంటుందా?" అన్నాడు మేస్త్రి ఉన్నట్టుండి.

"ఉంటుంది నాన్నా. పాత బస్సు ఇచ్చారు."

"ఎడమ మోకాలు నెప్పి చేస్తోందా?"

ఎప్పుడు ఫోను చేసినా "బాగున్నానమ్మా, తిన్నానమ్మా" అని తప్ప ఇంకో ముక్క చెప్పని పిల్ల. 

"చేస్తోంది నాన్నా" అంది. "రాత్రిళ్ళు గదిలో ఒక్కదాన్నే ఉంటాను కదా, అప్పుడు ఎక్కువ చేస్తోంది." ఆ తర్వాత ఏడుపు వినిపించింది. చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పటిలాగే, దాచుకోవాలని చూసి దాచుకోలేని ఏడుపు.

"ఊరుకో" అన్నాడు మేస్త్రి.  "సీటు ఒక గాడి ముందుకు జరుపుకో. వేళ్ళతో తొక్కకు, పాదం మధ్యతో తొక్కు. అంతే కదూ?"

ఆ ఆఖరి ముక్క ఫోనులోకి కాదు. ఆయన పక్కకు తిరిగి టీచరు మొహంలోకి చూసి అడిగాడు.  కన్నీళ్ళు కారిపోతుండగా టీచరు అవునన్నట్టు తల ఊపింది.

"విన్నావా అమ్మడూ," అన్నాడు మేస్త్రి ఫోను మీదికి వంగి, "మీ అమ్మ అవునంటోంది."