మేడగదిలో టకటక

"ఓ ప్రోగ్రామరూ! మళ్లీ వెలిగిందయ్యో!"

వీధి చివర నుంచి వాచ్‌మన్ పెట్టిన కేక. కేకకి లేవడానికి మన ప్రోగ్రామరు నిద్రపోతేగా! ఇరవై రాత్రులుగా కంటికి కునుకు లేదు పాపం. ఇదంతా ఆ వాచ్‌మన్ నోట విన్నదే, నా కల్పన ఇసుమంతైనా లేదు.

ఆ మేడగదికి చెడ్డపేరు. అందులో పనిచేసుకునే మనిషి పోయి రెండేళ్లు. గదికి తాళం. అయినా ఈమధ్య రాత్రిళ్లు కిటికీలో నీలం వెలుగు... లోపల టకటకమని కీబోర్డు చప్పుడు...

పోయినవాడు ప్రోగ్రామరుకి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఆ గదిలోనే ఓ సాఫ్ట్‌వేర్ రాసి, ఎవరైనా వాడుకోండి, పైసా వద్దు అని లోకానికి వదిలేశారు, నలుగురూ తోడుకునే బావిలాగా. ఇప్పుడో పెద్ద కంపెనీ ఆ బావికి మూతేసి తాళం పెడతానంటోంది. రాసినవాళ్లందరూ సరేననాలి. గడువులోపు పలకనివాళ్లు ఒప్పుకున్నట్టే!

"నేనొక్కణ్ణి కాదంటే ఆగుతుందా," అని ప్రోగ్రామరు సంతకం పెట్టేశాడు. నిద్ర ఆ రోజే పోయింది. మేడగదిలో వెలుగూ ఆ రాత్రి నుంచే.

మరి పోయినవాడు ఎలా పలుకుతాడు? గడువేమో ఈ రాత్రితో సరి.

మెట్లెక్కాడు. తాళం... తీసి ఉంది. తలుపు తోశాడు. తెరమీద స్నేహితుడి పేరు. దానికింద ఒకే మాట — "ఒప్పుకోను."

ప్రోగ్రామరు ఓ అడుగు వెనక్కేశాడు.

"బాబూ..." వెనక వాచ్‌మన్ గొణిగాడు. "కుర్చీ కదిలింది."

"నేనే, మరిదిగారూ!" స్నేహితుడి భార్య గొంతు. "దెయ్యమైతే పాస్‌వర్డ్ కోసం డైరీలన్నీ తిరగేస్తుందా?"

ప్రోగ్రామరు గుమ్మంలోనే కూలబడ్డాడు. "వదినా... దీంతో వాళ్లు ఆగరు. వాడు రాసిందంతా తీసేసి, వేరేవాళ్లతో రాయించుకుంటారు. అంతే."

"తీసేయనీ. సరేనన్నాడని మాత్రం అనకూడదు."

ప్రోగ్రామరు పెట్టిన సంతకం ఇక తిరిగొచ్చేది కాదు.

"కడుపులు ఖాళీ అని మీ మొహాలే చెబుతున్నాయి. పదండి, కింద మా ఇంట్లోకి." కంప్యూటర్ ఆపి, గదికి తాళం వేసిందామె.

కంచాల ముందు కూర్చున్నాక వాచ్‌మన్‌కి ధైర్యమొచ్చింది. "ఇరవై రాత్రులు హడలగొట్టావు కదమ్మా!"

"ఇరవయ్యా?" ఆమె చేతిలో గరిటె ఆగింది. "నేను పైకెక్కింది ఇవాళేగా..."

పైన — టకటక... టకటక...

ఎవరూ తలెత్తలేదు.

ఆమె లేచి, నెమ్మదిగా నాలుగో కంచం పెట్టి, వడ్డించింది. అప్పుడు తనూ కూర్చుంది, అందరూ తిన్నారు.