ఆరు బాణాలూ దాలమ్మవే

"నా బాణాలు నిన్నెవలు పీకమన్నారు? సెప్పు! ఎవలు పీకమన్నారు?"

విజయనగరంలో ఆర్చరీ సెలక్షన్స్ జరుగుతున్న గ్రౌండంతా ఇటు తిరిగింది. అరుస్తున్నది దాలమ్మ. నాయనమ్మ పేరు పెట్టారని కాలేజీలో ఎవరైనా నవ్వితే, వాళ్ల నవ్వు సగంలోనే ఆగిపోయేలా చూడగల పిల్ల. ఎదురుగా ఆరు బాణాలు శుభ్రంగా తుడిచి మరీ, పూలగుత్తి ఇస్తున్నట్టు చెయ్యి చాపి నిలబడ్డవాడు నవీన్.

"మన క్లబ్బులో రోజూ సేసేదే కదాని..." నసిగాడు.

నిజమే, శ్రీకాకుళంలో వాళ్ల క్లబ్బు పద్ధతి అది. టార్గెట్ దగ్గరికి ముందు చేరినవాళ్లు అందరి బాణాలూ పీకి ఎవరివి వాళ్లకివ్వాలి. టైము కలిసొస్తుందని కోచ్ అనూరాధ మేడమ్ పెట్టింది. నవీన్ నౌపడ నుంచి రైల్లో వచ్చి నేర్చుకుంటున్నాడు. చేరిన కొత్తలో మేడమ్ అతన్ని విల్లు ముట్టుకోనివ్వలేదు, వారాల తరబడి రబ్బరు బ్యాండే లాగించింది. మోచెయ్యి దించకు, ఊపిరి బిగపట్టకు అని పక్కన నిలబడి చెప్పింది మాత్రం దాలమ్మే. అంత నేర్పితే ఇతగాడి నిర్వాకం ఇదీ!

పోటీలో లెక్క వేరు. ఏ బాణం ఎక్కడ దిగిందో జడ్జి చూసి రాసుకునేదాకా దాన్ని ఎవరూ వేలితో కూడా ముట్టుకోకూడదు.

జడ్జి సత్యరాజు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "బాణాలే లేకపోతే ఏం రాయనమ్మా? సున్నా."

"సున్నాయా! నేను ముట్టుకున్నానా సార్? ఎవడో వచ్చి పీకేస్తే నాకు సున్నాయేటి?"

"రూలమ్మా."

"తప్పు సేసినోడిని ఒగ్గేసి, బాగా ఏసినోళ్లకి సున్నా ఎయ్యమని ఏ రూల్లో ఉన్నాది? సూపించండి!"

ఆమె ఒళ్లు మండిపోతోంది. మండదూ మరి? ఈసారి రాష్ట్ర పోటీల టీమ్‌లో పేరు రాకపోతే విల్లు అటకెక్కించి డీఎస్సీ కోచింగ్‌కి పోతానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. ఇన్నాళ్లలో ఇంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. వేసిన రోజునే ఈ మహానుభావుడికి సాయం చెయ్యాలనిపించింది.

నవీన్ ముందుకొచ్చాడు. "సార్, తప్పు నాది. నన్ను పోటీలోంచి తీసేయండి. ఆమెకి మాత్రం రాసేయండి."

"నువ్వూరుకో! నీ త్యాగం ఎవలడిగారు? నువ్వింటికెళ్లిపోతే నా పాయింట్లు తిరిగొస్తాయేటి?"

సన్నగా చినుకులు మొదలయ్యాయి. టార్గెట్ కాగితం మీద ఒక చుక్క పడింది. దాలమ్మ దాన్నే చూస్తూ ఒక్కసారిగా ఆగింది.

"సార్, ఈ కాయితం ఇప్పుడే కదా కొత్తది ఎట్టినారు? ఇదే కదా మొదటి రౌండు?"

"అవును."

"ఈ టార్గెట్ మీద ఏసింది నలుగురం. మిగతా ముగ్గురి బాణాలూ దిగే ఉన్నాయి. మరి బాణం లేని కన్నాలు ఎవలివి? తొరగా సూడండి సార్, తడిసిందంటే కాయితం సిరిగిపోతాది!"

సత్యరాజు గారు వంగి చూశారు. ఖాళీ కన్నాలు సరిగ్గా ఆరు. ఐదు నడిమధ్య పసుపులో, ఒకటి దాన్ని ఆనుకున్న ఎరుపులో. ఆయన ఆరూ రాసుకుని, నవీన్ వైపు తిరిగారు.

"ఇంకోసారి ముట్టుకుంటే బయటికి పంపిస్తాను. అది సరే, అలవాటంటే అందరివీ పీకాలి కదా నాయనా? నీవి కూడా అక్కడే ఉన్నాయి. ఈ అమ్మాయివే ఎందుకు పీకావు?"

నవీన్ చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఈ ప్రశ్న తనకు తట్టనందుకు దాలమ్మకు ఇంకాస్త కోపం వచ్చింది.

వెనక్కి నడుస్తూ నిలదీసింది. "సెప్పు. నావే ఎందుకు పీకినావు?"

"నాకు నీవే కనబడతాయి. నావి ఎక్కడ దిగినాయో కూడా సూసుకోను."

"ఎప్పటినుంచి?"

"రబ్బరు బ్యాండు లాగినప్పటినుంచి."

"అలాటిది నోటితో సెప్పాల! బాణాలు పీకి సెప్తారా ఎవలైనా?"

"సెప్తే తంతావేమోనని."

"ఇప్పుడు మాత్రం తన్ననేటి?" అని విసురుగా వెళ్లిపోయింది. గుండె మాత్రం మాట వినడం లేదు. తర్వాతి బాణం వెయ్యడానికి ముందు రెండుసార్లు విల్లు దించి, మళ్లీ ఎత్తాల్సి వచ్చింది.

సాయంత్రం టీమ్ ప్రకటించారు. దాలమ్మ పేరు ఉంది, నవీన్ పేరు లేదు. అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. వానకి రేకుల షెడ్డు కింద నిలబడి, ఆమె దగ్గరికి రావాలో వద్దో తెలియక చూస్తున్నాడు. చివరికి ఆమే వెళ్లింది.

"కోపం తగ్గిందా?" అడిగాడు.

"తగ్గలేదు."

"ఎప్పటికి తగ్గుతాది?"

"ఆర్చరీని ఒలింపిక్స్‌లోంచి తీసేసి యాభై ఏళ్లు బయటెట్టినారు, తెలుసా? ఆనక మళ్లీ పిలిసినారు."

నవీన్ మొహం వాడిపోయింది. "అయితే నేను యాభై ఏళ్లు ఆగాలా?"

"నువ్వు ఆగుతావేమో! నేనెలా ఆగుతానురా అన్నేళ్లు?" అంది దాలమ్మ, కోపం ఏమాత్రం తగ్గకుండానే.