వెంటిలేటర్‌లో తాతయ్య పంచె

హరిత వాళ్ళ తాతయ్యతో వచ్చిన చిక్కేమిటంటే, ఆయన ఒక్కరే చలికి వణకరు. తనతో పాటు ఊరంతా వణకాలంటారు.

వెంకట్రామయ్యగారు ఒకప్పుడు ఆ ఊరి సర్పంచి. పదవి పోయింది గాని గొంతు పోలేదు. ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం మంకీ క్యాప్ పెట్టుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫోన్‌లో వచ్చిన ప్రతి వార్తనూ వీధి చివరికి వినపడేలా చదువుతున్నారు.

"ఉత్తరాది నుంచి చలిగాలులంట. ఇన్నేళ్ళలో ఇంత చలి ఎప్పుడూ లేదంట. ముసలోళ్ళూ పసిపిల్లలూ చానా జాగ్రత్తగా ఉండాలంట."

ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఎండలకు మాడిపోయే ఊరు అది. ఇళ్ళు కూడా వేడి బయటికి పోవడానికే కట్టుకున్నారు. ఎత్తు గోడలు, ప్రతి గదికీ పైన మూత లేని వెంటిలేటర్. చలి వస్తే ఏం చెయ్యాలో ఆ ఇళ్ళకూ తెలియదు, అందులోని మనుషులకూ తెలియదు.

హరితకు మాత్రం 'పసిపిల్లలు' అన్న మాట దగ్గర భయం వేసింది. ఆమె ఐదో తరగతి. వాళ్ళ రేవతి అత్త పురిటికి పుట్టింటికి వచ్చింది. బాబు పుట్టి ఇంకా నెల కూడా కాలేదు. పొద్దున వాడి పిడికిలి పట్టుకుంటే మంచినీళ్ళ కుండను తాకినట్టుంది.

సాయంత్రం అయ్యేసరికి గాలి మొదలైంది. నాయనమ్మ ప్రమీలమ్మ నిప్పులు నింపిన కుంపటి తెచ్చి అత్త మంచం కింద పెట్టింది. దాని మీద చిటికెడు సాంబ్రాణి చల్లింది. కిటికీ మూసింది.

"ఎందుకత్తయ్యా ఇది? రెండు దుప్పట్లు కప్పితే సరిపోద్ది గదా," అంది హరిత వాళ్ళమ్మ రత్నకుమారి.

"పచ్చి బాలింత. గాలి తగలకూడదు. ముగ్గుర్ని కన్నా నేను, ముగ్గురికీ కుంపటే. నాకేమన్నా అయిందా?"

"నీకేమీ కాలేదులే," అన్నారు తాతయ్య బయటి నుంచి. "మాకే అయింది."

నాయనమ్మ తలుపు దగ్గరికి లాగి, అమ్మతో కలిసి గేదెల దగ్గరికి వెళ్ళింది.

గదిలో అత్త నిద్రపోతోంది. హరిత ఊయల దగ్గర కూర్చుంది. ఊయలకు కట్టిన చీర కొంగు దానంతటదే కదులుతోంది. తలెత్తి చూసింది. పైన వెంటిలేటర్‌లోంచి గాలి ఈలవేస్తూ వస్తోంది.

'కిటికీ మూశారు, తలుపు మూశారు, దీన్ని వదిలేశారు' అనుకుంది. బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కింది. తాతయ్య పాత పంచె ఒకటి ఉండ చుట్టి వెంటిలేటర్‌లో గట్టిగా కుక్కింది. ఈల ఆగిపోయింది. కొంగు కదలడం మానేసింది. హరిత దిగి, స్టూలు తీసిన చోటే పెట్టి, తలుపు పూర్తిగా మూసి బయటికి వచ్చింది. పెద్దవాళ్ళకు తట్టనిది తనకు తట్టిందని చాలా సంతోషపడింది.

దీపాలు పెట్టే వేళకు అమ్మ కాఫీ గ్లాసుతో గదిలోకి వెళ్ళింది. మరుక్షణం ఆమె గొంతు వినపడింది.

"అత్తయ్యా, ఇట్టా రండి. రేవతి లేవలేకపోతంది."

అత్త మంచం మీద కూర్చోబోయి ఒరిగిపోయింది. "తల పగిలిపోతందొదినా," అని పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. అమ్మ బాబును ఎత్తుకుంది. వాడి తల ఆమె భుజం మీద వాలిపోయింది. అరికాలు గిల్లినా కళ్ళు తెరవలేదు.

"వీడు పాలకు కూడా లేవట్లేదు," అంది అమ్మ. 

హరిత గుమ్మంలో నిలబడి ఉంది. ఎందుకో తెలియదు గాని చూపు పైకి, పంచె మీదికి పోయింది.

నాయనమ్మ మాత్రం కారణం అప్పుడే కనిపెట్టేసింది. "ధనమ్మ. మధ్యాహ్నం వచ్చి, పిల్లోడు వెన్నముద్ద మాదిరి ఉన్నాడే అనలా? ఆ కన్నే ఇది. ఇద్దర్నీ వసారాలోకి తీసుకురా, దిష్టి తియ్యాల."

ధనమ్మ పక్కింటావిడ. హరిత ఆవిడను అవ్వా అని పిలుస్తుంది.

అత్తను నడిపించుకుంటూ వసారాలోకి తెచ్చారు. చలిగాలి ముఖాన కొట్టింది. నాయనమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, తల్లీబిడ్డల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

"చూశారా, ఘాటే రాలా. అంత దిష్టి తగిలింది."

"అవి తాలుకాయలే. ఘాటు యాడినుంచి వస్తది?" అన్నారు తాతయ్య. కానీ ఈసారి ఆయన గొంతు వీధి చివరికి కాదు, గుమ్మం దాకా కూడా వినపడలేదు.

అందరూ బాబు ముఖం వంకే చూస్తున్నారు. ఎంతసేపు చూశారో ఎవరికీ తెలియదు. చివరికి వాడు తుమ్మాడు. నోరు తెరిచి గుక్కపట్టి ఏడ్చాడు. అత్త గోడకు ఆనుకుని గట్టిగా గాలి పీల్చుకుంది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

హరిత మెల్లగా గదిలోకి జారుకుంది. లోపల గాలి బరువుగా ఉంది. మళ్ళీ బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కగానే కళ్ళు తిరిగినట్టయింది. పంచె పీకేసి, ఒక్క అంగలో బయటపడింది.

చెప్పేద్దామనుకుంది. అప్పటికి అందరూ నవ్వుతున్నారు. ఏడ్చేవాళ్ళ మధ్య తప్పు ఒప్పుకోవడమే కష్టమనుకుంటాం. నవ్వేవాళ్ళ మధ్య ఇంకా కష్టం. హరిత పంచెను మడిచి పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున ధనమ్మ తోడుకు చుక్క మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. నాయనమ్మ ఆమె ముఖం మీదే తలుపు వేసింది. ధనమ్మ ఖాళీ గిన్నెతో కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. హరిత స్కూల్ బ్యాగు తగిలించుకుంటూ కిటికీలోంచి అంతా చూసింది.

చివరి పీరియడ్ సైన్సు. అయ్యాక లీలావతి మేడం దగ్గరికి వెళ్ళింది.

"మేడం, ఊరికే అడుగుతున్నా."

"ఊరికే అడిగేవాళ్ళు ఆ మాట చెప్పరు. అడుగు."

"గది మొత్తం మూసేసి, లోపల కుంపటి పెడితే ఏమవుద్ది?"

మేడం చేతిలోని సుద్దముక్క కింద పెట్టింది. "బొగ్గులు కాలడానికి గాలి కావాలి. సరిపడా గాలి లేకపోతే విషవాయువు పుడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అంటారు. కనపడదు, వాసన రాదు. తలనొప్పి వస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది. అసలు పడుకునే గదిలో కుంపటి పెట్టనే కూడదు."

"నిద్రపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారు గదా మేడం?"

"కొందరు లేవరు హరితా. మీ ఇంట్లో ఎవరైనా..."

"లేదు మేడం," అంది హరిత.

బెల్లు కొట్టారు. గేటు దాకా నడిచింది. అక్కడినుంచి పరుగెత్తింది. నాయనమ్మ పొద్దు వాలకముందే కుంపటి రాజేస్తుంది. పర్వాలేదు, పంచె తీసేశాను కదా అని తనకు తాను చెప్పుకుంది. అయినా కాళ్ళు ఆగలేదు.

వసారా ఎక్కుతుండగా లోపలినుంచి సుత్తి చప్పుడు వినపడింది.

తాతయ్య స్టూలు మీద నిలబడి, మిరపకాయల మీద కప్పే ప్లాస్టిక్ పట్టా ముక్కను వెంటిలేటర్‌కు మేకులతో కొడుతున్నారు. మంచం కింద నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. అత్త ఒళ్ళో బాబును పెట్టుకుని ఆవులించింది.

ఆ ఆవులింత చూడగానే 'నిద్ర ముంచుకొస్తుంది' అన్న మేడం మాట హరితకు గుర్తొచ్చింది. తలుపు బార్లా తెరిచింది.

"తలుపెయ్యవే, చలి," అంది నాయనమ్మ.

"వద్దు. అత్తా, బయటికి రా."

"ఏందే నీ గోల?" నాయనమ్మ వచ్చి తలుపు మళ్ళీ మూసింది. హరిత మళ్ళీ తెరిచింది. నాయనమ్మ ఆమె రెక్క పట్టుకుంది.

తలుపు ఎన్నిసార్లు తెరిచినా వీళ్ళు మూస్తూనే ఉంటారు. రేపు తను స్కూల్లో ఉన్నప్పుడు కూడా మూస్తారు. 

"నాయనమ్మా, ధనమ్మవ్వ దిష్టి కాదది. నేను. నిన్న వెంటిలేటర్‌లో తాతయ్య పంచె కుక్కింది నేనే. బొగ్గుల్లోంచి విషం పుట్టుద్దంట, మేడం చెప్పారు. దానికే అత్త పడిపోయింది. నిన్నే అనుమానం వచ్చింది నాకు. తంతారని చెప్పలా."

సుత్తి ఆగిపోయింది. అందరికంటే ముందు కదిలింది అమ్మ. మసిగుడ్డతో కుంపటి పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. తాతయ్య పట్టా పీకేశారు. అత్త బాబుతో వసారాలోకి వచ్చేసింది.

"ముబారక్‌ని ఆటో తీసుకురమ్మనండి మామయ్యా. ముందు ఇద్దర్నీ పేటలో చూపిద్దాం," అంది అమ్మ.

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు ఇద్దరినీ పరీక్ష చేసి గండం ఏమీ లేదన్నారు. తర్వాత మేడం చెప్పిన మాటలే ఇంకొంచెం కోపంగా నాయనమ్మకు చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాయనమ్మ హరిత పక్కనే కూర్చుంది. దెబ్బలు ఎప్పుడు పడతాయా అని హరిత బిగుసుకుని కూర్చుంది. నాయనమ్మ తన శాలువా అంచు లాగి హరిత భుజాల మీద కప్పింది, అంతే.

ఆటో ఆగేసరికి ధనమ్మ వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం నిండా ఆదుర్దా. పిలవకుండా రావడానికి జంకుతోంది.

నాయనమ్మ నెమ్మదిగా అటు నడిచింది. హరిత వెనకే వెళ్ళింది.

"మీ గేదె ఎట్టుంది?" అంది నాయనమ్మ.

"బానే ఉందక్కా."

"చలికి పాలు తగ్గినయ్యా?"

"తగ్గలా."

తాతయ్య ఆటో దగ్గర గట్టిగా దగ్గారు. నాయనమ్మ చెప్పుకాలితో మట్టిని రాస్తూ నిలబడింది. హరిత ముందుకు వచ్చింది.

"ధనమ్మవ్వా, బాబుకు బాగలేకపోవడం నీ వల్ల కాదు. గాలి రాకుండా మూసింది నేను. పొద్దున నిన్ను తలుపు దగ్గర చూసి కూడా చెప్పలేదు. తప్పు నాది."

ధనమ్మ ఏదో అనబోయింది. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పిల్లది సగమే చెప్పింది. కంత మూసింది అది. కుంపటి పెట్టింది నేను. నిన్ను అన్నదీ, తలుపేసిందీ నేను." అడ్డం పెట్టిన చెయ్యి దించింది. "నాదే తప్పు ధనమ్మా."