తిప్పేసిన అధ్యాయాలు

షుగరు వల్ల ఖాలిక్ గారికి చూపు పోయాక కథలన్నీ చెవుల్తోనే. రోజూ సాయంత్రం నమాజయ్యాక, వన్ టౌన్‌లోని ఆ మేడమీది గదిలో, కూతురు ముబీనా ఆయన మంచం పక్కన కూర్చుని చదివి వినిపించేది. కింద తోపుడుబళ్ల అరుపులు, గోడౌన్ల షట్టర్లు దించే చప్పుడు. పైన ఈవిడ చదువు, ఆయన ఊఁ కొట్టడం. ఊఁ ఆగిందంటే నిద్రపోయారని లెక్క.

ఈసారి తెచ్చింది ఇటుకరాయంత నవల. రాజ్యాలు, మంత్రాలు, మహాయుద్ధాలు అని అట్టమీద ఊరించారు గానీ లోపలంతా నాన్చుడే. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి వైపు నుంచి నడుస్తుంది. ఒకటి యువరాజుది, ఒకటి దొంగది, ఒకటి వంటమనిషిది, ఒకటి నదిమీద పడవ నడిపే సేరా అనే ఆడమనిషిది.

"సగం పుస్తకమైంది, ఆ యువరాజు ఇంకా గుర్రమెక్కలేదేంటమ్మా?" అని నవ్వేవారు ఖాలిక్ గారు.

"ఎక్కుతాడులే అబ్బా. పెద్ద పుస్తకం కదా, తీరిగ్గా ఎక్కుతాడు" అని తండ్రికి సర్దిచెప్పేది ముబీనా.

సేరా అధ్యాయాలైతే మరీ ఇనప గుగ్గిళ్లు. మంచు, తెడ్డు, మళ్లీ మంచు. ముబీనా వాటిని చప్పుడు కాకుండా తిప్పేసేది. చూపులేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకుంది. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

ముసురు పట్టిన ఒక సాయంత్రం ఆయనే అన్నారు. "సేరా పడవ నది మధ్యకొచ్చేసిందమ్మా."

ముబీనా చెయ్యి పేజీ మీదే ఆగిపోయింది. ఆ పేరు తను ఎన్నడూ పైకి చదవలేదు.

"నీకెవరు చెప్పారబ్బా?"

"నువ్వు వంటింట్లోకి వెళ్లాక తనే వచ్చి చెబుతుందిగా. తన వంతు ఎవరూ చదవట్లేదని ఒకటే బాధ. నన్ను పడవెక్కించుకుంది." ఆయన గొంతు తగ్గించారు. "దిగుతానంటే దించట్లేదమ్మా..."

తండ్రి చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. కిటికీ తలుపులు వేసే ఉన్నాయి, అయినా గదిలో నాచు వాసన... బురద వాసన...

ఎవరి వంతు వాళ్లకి ఇచ్చేస్తే వదిలేస్తుందేమో. ఆ ఒక్క ఆశతో గబగబా వెనక్కి తిప్పి, సేరా మొదటి అధ్యాయం అందుకుంది.

'నదిమీద మంచు కురుస్తోంది.'

"ఊఁ" అన్నారాయన.

రెండో వాక్యం కోసం ముబీనా ఊపిరి పీల్చుకుంది.

"ఊఁ."

ఇంకా నోరు తెరవలేదు.

"ఊఁ... ఊఁ..."

ఆయన వింటున్నది ఈమెని కాదు. అవతల ఎవరో ముందే చెప్పుకుపోతున్నారు. ముబీనా పరుగులు పెట్టింది. మంచు గురించి పేజీ. తెడ్డు గురించి పేజీ. ఒక్క ముక్క వదిలినా ఏమవుతుందోనని భయం. వదలకపోతే ఆ అవతలి గొంతుని అందుకోలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ వాక్యాల్లోనే కొట్టుకుంది. కన్నీళ్లకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

"అదిగో, ఒడ్డు తగిలింది" అన్నారాయన మెల్లగా.

"దిగొద్దబ్బా! వస్తున్నా... ఆగు..."

ఊఁ ఆగిపోయింది.

ముబీనా పుస్తకం విసిరికొట్టి ఆయన్ని రెండు చేతులా కావలించుకుంది. గుండె కొట్టుకుంటోంది. ఊపిరి ఆడుతోంది. ఆయన చెవికి నోరు ఆనించి "అబ్బా! అబ్బా!" అని అరిచింది.

ఖాలిక్ గారు తల తిప్పి ఎటో దూరంగా చెవి ఒగ్గారు. చెయ్యి నోటి పక్కన ఆనించుకుని, రేవులో నిలబడి కేకేసే మనిషిలా గొంతెత్తారు.

"ముబీనా... వినపడట్లేదమ్మా... ఇంకా గట్టిగా..."

పెదవులు ముందు కదిలాయి. మాట చాలాసేపటికి, నది అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టు వచ్చింది.