పాత నీటిమరలో గొంతు

మా ఊరి చివర పాత నీటిమర ఉంది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. గుర్రాలు కూడా పోవు... కళ్ళెం ఎంత లాగినా మొరాయించి, మంచులో మోకాళ్ళదాకా దిగబడైనా సరే, చుట్టూ తిరిగే వెళ్తాయి. మరాడించే ముసలాడి రెండో పెళ్ళాం చక్రం కింద పడి చచ్చిందని కొందరంటారు. చావూ లేదు పాడూ లేదు, ఎవడితోనో లేచిపోయి ఓష్ పట్నంలో సుఖంగా కాపురం చేస్తోందని ఇంకొందరంటారు. ఏదైతేనేం, మర మూతబడి ఇరవై ఏళ్ళయింది. చెడ్డపేరు మాత్రం మూతబడలేదు.

పోయిన చలికాలం చివర్లో కొత్త మాట పుట్టింది. నడిరేయి దాటాక మర లోపల ఆడగొంతు వినిపిస్తోందని.

"ఏడుపు కాదక్కా, పాటా కాదు... ఎవరికో ఏదో చెప్పుకుంటున్నట్టు గుసగుస!" అన్నాడు గొర్రెల కాపరి జుమాష్.

"తాగున్నావా?" అన్నాను.

"తాగుంటే భయమెందుకేస్తుంది?" అన్నాడు. అదీ నిజమే.

నేను ఈ ఊరి నర్సుని. పేరు కలీపా. ముప్పై ఏళ్ళుగా సూదులు పొడుస్తున్నాను, కాన్పులు చేస్తున్నాను, దెయ్యం పట్టిందని వచ్చినవాళ్ళకి జ్వరం చూసి పంపిస్తున్నాను. దెయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్ళుమంట. అలాంటిదాన్ని, ఆ మర కథ నేనే చెప్పాల్సి వస్తోంది. ఖర్మ!

జుమాష్ ఆ మాట అనడానికి రెండు వారాల ముందు సగిన్ నా దగ్గరికొచ్చాడు. మా ఊరి నుంచి నారిన్ పట్నానికి వ్యాన్ నడిపేది వాడే. పొద్దున్నే ఆరింటికి పదహారు మందిని ఎక్కించుకుని కనుమ దాటి వెళ్తాడు, సాయంత్రం తిరిగొస్తాడు. ముప్పై నాలుగేళ్ళ వాడు, కళ్ళ కింద నలుపు చూస్తే యాభై అనిపించాడు.

"నిద్ర లేదక్కా. డిసెంబర్ నించి. కునుకు పడుతుంది, కల వస్తుంది, లేచి కూర్చుంటాను. ఇంక తెల్లారేదాకా అంతే."

"ఏం కల?"

తల అడ్డంగా ఊపాడు. "మనిషికి చెప్పకూడదు కదా!"

చెడ్డకల మనిషికి చెప్తే జరిగి తీరుతుందని మా వాళ్ళ నమ్మకం. పారే నీటికి చెప్తే నీరే మోసుకుపోతుంది. మా అమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే. నేను పళ్ళు నూరుకుని, చెప్పాల్సినవి చెప్పాను. మధ్యాహ్నం దాటాక చిక్కటి టీ ముట్టొద్దు. వోడ్కా జోలికి అసలు పోవద్దు. నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున్నే ఒకే వేళకి లేవాలి. నిద్ర రాకపోతే పక్కలో పొర్లుతూ ఉండకుండా లేచి కూర్చోవాలి, కళ్ళు బరువెక్కాకే మళ్ళీ పడుకోవాలి. నారిన్‌లో ఇలాంటివి చూసే డాక్టరమ్మ ఉంది, ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. ఇదంతా బుద్ధిగా తలూపుతూ విన్నాడు. లేవబోతూ అప్పుడు అసలు సంగతి చెప్పాడు, గొంతు తగ్గించి...

"నిన్న కనుమ మలుపులో... కళ్ళు మూతలు పడ్డాయక్కా. ఎంతసేపో తెలీదు. తెరిచేసరికి బండి చక్రం లోయ అంచు మీదుంది."

"రేపట్నించి వ్యాన్ తీయకు," అన్నాను.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క నెల టైమివ్వక్కా. నిద్ర పట్టని డ్రైవరని తెలిస్తే ఇంకెవడెక్కుతాడు నా బండి? నీకు దండం పెడతాను, ఎవరికీ చెప్పకు."

సరేనని మాటిచ్చి నోరు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత పెద్ద తప్పు ఎప్పుడూ చేయలేదు.

ఇక జుమాష్ ఆ మాట అన్న రోజు రాత్రి సంగతి. ఇది వాడు చెప్పింది చెప్పినట్టే చెప్తున్నాను.

ఒంటిగంట దాటింది. సగిన్ మళ్ళీ ఉలిక్కిపడి లేచాడు. వాళ్ళమ్మ చీకట్లోంచే అందట — "ఎన్నాళ్ళురా ఇలా? వెళ్ళి నీటికి చెప్పి రా." కానీ నీరెక్కడుంది? ఏరు గడ్డకట్టింది. కాలవ గడ్డకట్టింది. చలికాలమంతా పారేది ఒక్కచోటే... మర కింద, చక్రం దగ్గర.

వెళ్ళాడు. చంద్రుడు లేడు. మంచు బూట్ల కింద కరకరమంటోంది. కుక్కలు ఊరి చివరిదాకా వెంటొచ్చి ఆగిపోయాయి... ఒక్కటీ మొరగలేదు.

మర గోడ కనిపించింది. నీటి హోరు వినిపించింది. ఒడ్డున గొంతుక్కూర్చుని, టోపీ తీసి, నోరు తెరవబోయాడు...

అప్పుడు వినిపించింది.

గుసగుస. మర లోపల్నించి. నీటి హోరులో కలిసిపోయి, మళ్ళీ పైకి తేలి...

"జారుతోంది... వ్యాన్ జారుతోంది..."

వాడు కొయ్యబారిపోయాడు.

"పదహారు మంది... అంచు దాటింది... పడిపోతోంది..."

అది వాడి కల! పెళ్ళానికి చెప్పలేదు, తల్లికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఇంకా నీటికి కూడా చెప్పలేదు. అయినా లోపల ఎవరో పూసగుచ్చినట్టు చెప్తున్నారు. ఒళ్ళంతా చెమట పట్టింది, అంత చలిలో.

తర్వాత గొంతు లేచింది — "సగిన్! ఒరేయ్ సగిన్... కళ్ళు తెరువురా!"

వాడు పెట్టిన కేక ఊరి చివర ఇళ్ళదాకా వినిపించిందట. టోపీ ఎక్కడ పడిందో తెలీదు, ఎటు పరిగెడుతున్నాడో తెలీదు. ఊళ్ళోకొచ్చాక ఒకే ఒక్క కిటికీలో దీపం కనిపించింది. అది నాది. తలుపు దబదబా బాదాడు.

తీశాను. లోపలికొచ్చి కుప్పలా కూలబడ్డాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పైన చెప్పిందంతా అప్పుడే చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. చివర్న అన్నాడు...

"దెయ్యానికి నా కల తెలుసక్కా. అంటే... అది జరిగి తీరుతుంది. రేపే జరుగుతుందేమో."

ఊపిరి అందక గోడకి ఆనుకుని నిలబడ్డాను. వాడు కాసేపు నన్ను చూశాడు. తర్వాత పొయ్యి పక్కకి చూశాడు. అక్కడ నా బూట్లు. వాటి నించి మంచు ఇంకా కరిగి కారుతోంది.

"అక్కా..." అన్నాడు, మెల్లగా. "నువ్వింకా పడుకోలేదా?"

"రెండు వారాలైంది నాయనా, నేను పడుకుని."

వాడికి అర్థమయింది.

"నేనేరా. నీ మాట విని నోరు మూసుకున్న రోజు నించి నాకూ అదే కల. నువ్వు కళ్ళు మూస్తావు, నేను అరుస్తాను, నీకు వినపడదు. మనిషికి చెప్పనని నీకు మాటిచ్చాను కదా? అందుకే నీటికి చెప్పుకుంటున్నాను. ఊరందర్నీ తిట్టే నర్సు నడిరేయి మూఢనమ్మకాలు పట్టుకుని తిరుగుతోందంటే నవ్వరూ? అందుకే లోపల దూరాను. నువ్వు కేక పెట్టేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. దెయ్యమే వచ్చిందనుకుని వెనక కంతలోంచి దూకి పరిగెత్తానురా, దరిద్రుడా!"

వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు?

"వ్యాన్ తాళం ఇలా తే," అన్నాను.

"ఆరింటికి జనం వస్తారక్కా..."

"రానీ. నేను చెప్తాను."

చాలాసేపు పిడికిట్లోనే పట్టుకున్నాడు. చివరికి బల్ల మీద పెట్టాడు.

ఆరింటికి పదహారు మందికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొందరు తిట్టారు, వాణ్ణి కాదు, నన్ను. తిట్టించుకున్నాను. ఒక ముసలమ్మ మాత్రం సగిన్ చెంప నిమిరి, "నిద్రపోయి రా నాయనా, మా వ్యాన్ ఎక్కడికీ పోదు," అంది. వాడి బావమరిది పొరుగూరి నించి వచ్చి వ్యాన్ నడిపాడు. మేమిద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. కనుమ మలుపు వచ్చినప్పుడు వాడు నా చెయ్యి ఎముకలు విరిగేంత గట్టిగా పట్టుకున్నాడు.

నారిన్‌లో డాక్టరమ్మ కాగితం ముందేసుకుని, కలం తీసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"రోగి ఎవరు?" అంది.

"ఇద్దరి పేర్లూ రాయండమ్మా," అన్నాను.