కూర్చున్న కొలత

కదలకుండా నిలబడ్డ మనిషిని కొలిస్తే, ఆ కొలత ఎవరిది?

నలభై ఏళ్లు టేపును మెడలో వేసుకు తిరిగిన టైలర్ మాస్టారు ఆ ఉదయం కూడా తనను తాను అదే ప్రశ్న వేసుకున్నారు. కొలిచేంతసేపూ మనిషి ఊపిరి బిగబడతాడు, పొట్ట లోపలికి లాక్కుంటాడు, తనకంటే బాగుండే మరెవరిలాగో నిలబడతాడు. టేపు తీయగానే మళ్లీ తానవుతాడు. బట్ట కుట్టవలసింది ఆ రెండోవాడికి. దుకాణం మూతపడి రెండేళ్లయింది గానీ, ఈ ప్రశ్న ఇంకా మూతపడలేదు.

భార్య టీ తెచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ చీర కట్టుకుని, ఒక కన్ను గడియారం మీద వేసి ఉంది. కప్పులో ఎప్పటిలాగే సగమే పోసింది. ఆయన ఎప్పటిలాగే రెండు చేతులతో పట్టుకున్నారు. పక్క గదిలో వేడిగాలి చిమ్మే హీట్ గన్ గుయ్యిమంది.

“సేనాపతిగారు నిద్ర లేచినట్టున్నారు” అంది భార్య.

సేనాపతి అంటే కూతురు. ఇరవై ఆరేళ్లు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. చిన్నప్పటి నుంచి ప్రాణంగా చూసిన ఒక అంతరిక్ష ధారావాహికలోని వెండి కాపరి అనే పాత్ర కవచాన్ని ఎనిమిది నెలలుగా తయారు చేస్తోంది. ఫోమ్ షీటును వేడి చేసి వంచడం, అతికించడం, రంగు పూయడం, ఆరాక వెండి పొడి రుద్దడం. మూడడుగుల దూరం నుంచి చూస్తే ఇనుము కాదంటే ఎవరూ నమ్మరు. అద్దం మీద వెంట్రుకవాసి తేడా పట్టే చేయి అది.

ఆదివారం, తెరమీది పాత్రల వేషాలు కట్టుకొచ్చేవాళ్ల పోటీ. మొదటి విడతలో కవచాన్ని తెరమీది బొమ్మతో పోల్చి చూస్తారు. రెండో విడతలో ముప్పై అడుగులు నడవాలి, మూడు మెట్లెక్కాలి, మోకాలి మీద వంగాలి, కుర్చీలో కూర్చుని ఎవరి సాయమూ లేకుండా లేవాలి. గెలిచినవారికి ఒక స్టూడియో దుస్తుల విభాగంలో ఉద్యోగం. పోయినేడు పాత కవచంతో ఆ అమ్మాయి రెండో విడతలో పడిపోయింది. వారం రోజులు గది తలుపు తీయలేదు. అప్పుడే తల్లి ఒట్టు వేయించుకుంది: మరొక్కసారి పడితే ఈ సరంజామా అంతా చెత్తబండికి ఎక్కాలి, మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

గురువారం దుకాణానికి సెలవు. ఆ రోజున రేకు పెట్టె తెరిచి పాత కాగితపు నమూనాలకు గాలి తగిలించడం మాస్టారి అలవాటు. దుకాణం మూసినా అలవాటు పోలేదు. ఆ ఉదయం పెట్టె తెరిచి చూస్తే నీలం నాడాతో కట్టిన కట్ట కనిపించలేదు. రెండుసార్లు వెతికి, లేచి కూతురి గదిలోకి వెళ్లారు.

“నా పెట్టెలో నీలం నాడా కట్ట ఏదమ్మాయ్?”

“ఆ గోధుమరంగు అట్టలా నాన్నా? వాడేశాను. మందంగా ఉన్నాయిగా, ఫోమ్ మీద పెట్టి గీసుకోవడానికి భలే కుదిరాయి.”

“వాడేశావా?”

“దుకాణం మూసేశావు కదా. ఇంక అవెవరికి?”

గోడకు వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో ముక్క వేలాడుతోంది. భుజం, తొడ, పిక్క. ఆయన గీసిన గీతల్లో కొన్నిటిని అడ్డంగా నరుక్కుంటూ పోయిన కొత్త అంచులు.

“అడగాలనిపించలేదా?” మాస్టారి గొంతు పెద్దదైంది. ఆ ఇంట్లో అది అరుదు. “అవి అట్టలనుకున్నావా? ఇరవై రెండేళ్లు బస్సు నడిపినాయన ఉన్నాడు అందులో. డోలు వాయించేవాడున్నాడు. బోర్డు పైఅంచు దాకా రాసే పంతులమ్మ ఉంది. ఒక్కొక్కరినీ పట్టుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకేం తెలుసు!”

“వాళ్ల మీదున్న ప్రేమలో పావువంతు నా మీద ఉంటే పోయినేడు అలా లేచి వెళ్లిపోయేవాడివి కాదు.”

గుమ్మంలో తల్లి ఆగిపోయింది. ఒక కాలికే చెప్పు ఉంది.

“తాబేలులా వెల్లకిలా పడ్డాను నాన్నా. హాలంతా నవ్వింది. నవ్వితే నవ్వారులే అని నీకోసం చూశాను. నీ కుర్చీ ఖాళీ!” అమ్మాయి హీట్ గన్ ప్లగ్గు పీకేసింది. “ఊరందరికీ కుట్టిన మాస్టారికి, కూతురు అట్టముక్కలు కట్టుకుని దొర్లడం నామోషీ అయింది. అంతేగా?”

“నోరు జారకు” అంది తల్లి. భర్త వైపు తిరిగింది. “మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

మాస్టారు గోడ దగ్గరికి వెళ్లి ఒక ముక్కను మేకు నుంచి తీశారు. ఆయన చేతిలో కాగితం గలగలలాడింది.

అమ్మాయి పైకి చూసింది. ఫ్యాను తిరగడం లేదు. కాగితం వైపు చూసింది. తర్వాత దాన్ని పట్టుకున్న చేతివైపు. రెండేళ్లుగా ఆ ఇంట్లో సగం నిండి వస్తున్న కప్పు ఒక్కసారిగా ఆమెకు కనిపించింది.

“ఎప్పట్నుంచి?”

“రెండేళ్లు” అన్నారాయన. “ఒకాయన కోటు గుడ్డ అడ్డంగా కోసేశాను. మర్నాడే తాళం వేశాను. చూపు తగ్గిందని అందరికీ చెప్పాను. చూపుకేం, నిక్షేపంలా ఉంది. ఆ రోజు నువ్వు రెండో మెట్టు ఎక్కుతుండగానే తెలిసిపోయింది, మోకాలు వంచితే పడతావని. ఎక్కడ కొయ్యాలో కూడా కనిపిస్తోంది. కత్తెర పట్టే చెయ్యే లేదు. చూస్తూ కూర్చోలేకపోయాను తల్లీ.”

అమ్మాయి వచ్చి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వణుకు ఆగలేదు, ఆమె చేతుల్లోకి కూడా పాకింది.

“ఏడ్చేదేదో తొందరగా ఏడవండి. నా బస్సు పోతుంది” అంది తల్లి, పైటచెంగుతో తన కళ్లే తుడుచుకుంటూ. ఆమె వెళ్లేసరికి తండ్రీకూతుళ్లు నేలమీద కాగితాలు పరుచుకుని కూర్చున్నారు.

“ఈ ఎర్ర గీత ఏంటి నాన్నా? ప్రతి దాంట్లో ఉంది. పనికిరాని గీత అనుకుని నల్లదాని వెంటే కోసుకుంటూ పోయాను.”

“నల్లది నిలబడ్డప్పటి డ్రైవరు. ఎర్రది కూర్చున్నప్పటి డ్రైవరు. మధ్యలో మూడు వేళ్ల తేడా. ఆ మూడు వేళ్లూ వదిలేస్తే మనిషి రోజంతా తన చొక్కాతోనే కుస్తీ పట్టాలి. నిన్ను నువ్వు ఎలా కొలుచుకున్నావ్?”

“అద్దం ముందు నిలబడి.”

“ఊపిరి బిగబట్టి?”

ఆమె నవ్వింది. ఆ నవ్వే సమాధానం. వెంటనే ముఖం ముడుచుకుంది. “కానీ తెరమీద ఉన్నట్టే ఉండాలి నాన్నా. హాయి కోసం పోలిక తప్పకూడదు. పొట్టమీద పలక ఒక్కటే. నూట ఎనభై ఫోటోలు ముందు పెట్టుకుని చేశాను.”

“ఫోటోల్లో ఎవరైనా నిలబడే ఉంటారు. కదిలేది చూపించు.”

కంప్యూటరులో దృశ్యం నడిచింది. వెండి కాపరి గాయపడ్డ పసివాడి దగ్గర మోకాలి మీద వంగుతుంది. లెక్కలేనన్నిసార్లు ఆమె కన్నీళ్లు పెట్టుకున్న దృశ్యం అది.

“ఆపు. కాస్త వెనక్కి. మళ్లీ నడవనీ. ముఖం చూడకు, పొట్ట చూడు.”

ఆమె పొట్ట చూసింది. నిలబడ్డప్పుడు ఒకే పలకలా ఉన్నది, వంగుతుంటే మూడయింది. దుకాణం షట్టరు పైకి లేచేటప్పుడు రేకులు ఒకదాని మీదికొకటి చేరినట్టు, మూడు పట్టీలు ఒకదాని కిందికొకటి జారాయి. తొడమీద పలక పైఅంచు లోపలికి వంపు తిరిగి ఉంది.

“ఇన్నేళ్లుగా చూస్తున్నాను” అందామె. “ఏడుస్తూ చూశాను. అందుకే కనబడలేదు.”

“ఎక్కడ కొయ్యాలో చెప్పనా?”

“చెప్పు. నేను కోస్తాను.”

మూడు రోజుల పాటు ఇల్లు మళ్లీ దుకాణమైంది. ఆయన స్టూలు వేయించి ఆమెను కూర్చోబెట్టి ఆమె చేతే కొలిపించారు, చేతులెత్తించి కొలిపించారు, నవ్వించి కొలిపించారు. ఛాతీపలక బరువు భుజాలను కోస్తోందని దాన్ని నడుముకు కట్టే వెడల్పాటి పట్టా మీదికి దించారు. లోపల తొడుక్కునే చొక్కాకు చంకల కింద సాగే గుడ్డతో వజ్రం ఆకారపు ముక్కలు పడ్డాయి. ఒరుసుకునే కుట్లన్నీ తిరగేశారు. శిరస్త్రాణం లోపల మూడుచోట్ల స్పాంజి, నుదుటి దగ్గర బుల్లి ఫ్యాను.

పొట్టపలక దగ్గర మాత్రం ఆమె మొరాయించింది. రెండు నెలలు రంగులద్దిన ముక్క అది. బ్లేడు పట్టుకుని గంటసేపు దాని ముందు కూర్చుంది.

“ఇది పాడైతే ఆదివారం వెళ్లేది లేదు నాన్నా. అమ్మకు ఒట్టు కూడా వేశాను.”

“నేను కోటు పాడుచేసింది గుడ్డ సరిగ్గా చూడక కాదు. చెయ్యి మాట విననప్పుడు ఇంకొక చెయ్యిని అడగక.”

ఆమె కోసింది.

శనివారం సాయంత్రం తల్లి తనిఖీకి దిగింది. ప్రతి పట్టీ కిందా రెండు వేళ్లు దూర్చి చూసింది. “మా వార్డులో ఏ కట్టయినా ఇదే లెక్క. రెండు వేళ్లు దూరకపోతే రక్తం ఆడదు.” మోకాలి దగ్గర ఒక పట్టీ తప్పింది, వదులు చేశారు. తర్వాత ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర టీ తాగారు. కబుర్లలో పడి అమ్మాయి కిందపడిన చెంచాను వంగి తీసింది. తీశాక గానీ ముగ్గురికీ గుర్తు రాలేదు, ఆమె కవచంలో ఉందని.

“ఎలాగూ వంగారుగా సేనాపతిగారూ, ఆ బల్లకింద చీపురు కూడా ఇలా అందుకోండి” అంది తల్లి.

ఆదివారం హాలు కిక్కిరిసింది. మొదటి విడతలో ఒక న్యాయనిర్ణేత ఆమె పొట్టమీద వేలు పెట్టి ఆగాడు. “ఇక్కడ మూడు ముక్కలున్నాయే? అసలుదానికి ఒక్కటే పలక కదా.”

మూడో వరసలో మాస్టారు కుర్చీ అంచుకు జరిగారు.

“మోకాలి మీద వంగే దృశ్యం చూడండి సార్” అంది అమ్మాయి, తొణక్కుండా. “ముఖం కాదు, పొట్ట చూడండి.”

ఆయన తన చేతిలోని తెరమీద చూశాడు. మళ్లీ చూశాడు. పక్కాయనను పిలిచి చూపించాడు. “పదేళ్లుగా ఈ పోటీకి వస్తున్నాను. ఇది చూసినవాళ్లు లేరు” అని తల ఊపాడు.

రెండో విడత. ముప్పై అడుగులు. మూడు మెట్లు. మోకాలు వంగింది. టక్, టక్, టక్ మని మూడు పట్టీలు జారిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో వెనక వరసల దాకా వినిపించింది. కుర్చీలో కూర్చుంది. ఎవరూ అడగకుండానే కాలు మీద కాలు వేసుకుంది. అక్కడ హాలు నవ్వింది. ఈసారి ఆమె నవ్వించిన నవ్వు అది. తేలిగ్గా లేచి నిలబడి నేరుగా మూడో వరస వైపు చూసింది. ఆ కుర్చీలో మనిషి ఉన్నాడు. చప్పట్లు కొడుతున్నాడు. వణికే చేతులు చప్పట్లకు అడ్డం రాలేదు.

మొదటి బహుమతి ప్రకటించి మైకు ఇచ్చారు. ఆమె శిరస్త్రాణం తీసింది. జుట్టు చెదిరింది గానీ ముఖం మీద చెమట లేదు. “కోసింది నేను. చూసింది మా నాన్న” అంది.

ముగ్గురూ తెరవెనుకకు వెళ్లేసరికి ఒక భారీ మనిషి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇత్తడి రంగు కవచం, ఏనుగంత భుజాలు. అతని భార్య గొట్టంతో నీళ్లు తాగిస్తోంది.

మాస్టారు నిలబడిపోయారు. ఆ చంక దగ్గర ఎక్కడ కొయ్యాలో కనిపిస్తోంది. లేచి వెళ్లిపోవడం ఎంత తేలికో కూడా ఆయనకు తెలుసు.

“రేపు షట్టరు తీస్తాను” అన్నారు భార్యతో.

“రేపటిదాకా ఆ మనిషి అలాగే నిలబడాలా?” అంటూ ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. పాత టేపు. ఎప్పుడు పెట్టుకుందో ఏమో!

ఆయన దాన్ని మెడలో వేసుకుని ముందుకు నడిచారు. “కూర్చో బాబూ.”

“కూర్చోలేనండీ. పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను.”

“తెలుసు. అందుకే కూర్చోమంటున్నాను. అమ్మాయ్, ఆ పలకలు విప్పు. ఒక కుర్చీ తెండి.”

పలకలు ఊడి నేలమీద చేరాయి. ఆ మనిషి కుర్చీలో కూలబడి, అలవాటుకొద్దీ పొట్ట లోపలికి లాక్కున్నాడు.

“వద్దు, బిగబట్టకు. వదిలెయ్. పూర్తిగా వదిలెయ్.” వణుకుతున్న టేపు రెండో కొసను కూతురు అందుకుని నిలబెట్టింది. మాస్టారు వంగి అంకె చూశారు. “ఆ, ఇదీ నువ్వు. రాసుకో తల్లీ, ఎర్ర సిరాతో.”